మేస్త్రీ లేని పనికి నియమమే మేస్త్రీ



యాసంగి వరికోతలు ముగిసి ధాన్యము కల్లములకు చేరు దినములలో రైతు గుండె యెట్లు కొట్టుకొనునో మీకు వేరుగ వ్రాయ నక్కరలేదు. ఆరు మాసముల కష్టము నేలపై రాశిగా పడియుండును. కన్నులు మాత్రము మబ్బుపై నుండును. 2023వ సంవత్సరమున ఏప్రిల్ చివరను, మే మొదటి దినములలోను కురిసిన అకాల వర్షములకు తెలంగాణమున పెక్కు కొనుగోలు కేంద్రములలో రాశులు తడిసిన సంగతి మనలో నెవ్వరును మరచియుండరు.

అట్టి దినములలో మే మొక కేంద్రమున చూచిన దానిని ముందుగా చెప్పెదము. దాని పేరుతో మనకు పనిలేదు. అచ్చట నొక మూల బాగుగ నెండిన ధాన్యము గోనె సంచులు లేక నిలిచియుండెను. వేరొక మూల, ఇంకను పచ్చిగనున్న రాశి ప్రక్కన, ఖాళీ సంచుల కట్టలు పడియుండెను. ఆ రైతు ముందుగా వచ్చినవాడు. కావున ముందుగా సంచులు పుచ్చుకొనెను. తూకము వేసి కుట్టిన బస్తాలు లారీ కొరకు ఆరుబయట కాచుకొనియుండెను. లారీలో, మిల్లు వద్ద దిగుమతి కాక వరుసగా నిలిచియుండెను. హమాలీలలో ముగ్గురు చెమటోడ్చుచుండగా ముగ్గురు సంచి తమ చేతికి వచ్చువరకు కూర్చుండిరి. సోమరి యెవ్వడును లేడు, దొంగ యెవ్వడును లేడు. అయినను వాన వచ్చునప్పటికి పని తెమలలేదు.

"గట్టి అధికారి యొక్కడుండిన నిట్లు జరుగునా?" యని పలువు రనిరి. మా యభిప్రాయము వేరు. ఆ కల్లమున కొరతపడినది పెత్తనము కాదు. అందరికిని కనబడు గురుతును, అందరు నొప్పుకొన్న చిన్న నియమమును. ఆ రెండు నున్నచో పని యెవ్వరి కేకలును లేకయే తనంతట తాను కుదురుకొనును. ఇది ఊహ కాదు. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందే దీనికి తార్కాణములు కలవు. ఈ నెల పాఠము దీనిని గూర్చియే.

1. తనంతట కుదురు క్రమ మనగా నేమి?

చీమల బారును చూచియుందురు. ఆ బారును నడుపు నాయకుడు లేడు. ఆహారము దొరకిన చీమ తిరిగివచ్చుచు దారిలో నొక వాసనను విడుచును. వాసన యున్న త్రోవను తక్కిన చీమలు పట్టును. పట్టినవి తామును వాసన విడుచును. దగ్గరి త్రోవను పోయినవి త్వరగా తిరిగివచ్చుటచే ఆ త్రోవ వాసన త్వరగా బలపడును. దూరపు త్రోవ వాసన ఆరిపోవును. ఇట్లు ఏ చీమయు కొలవకయే దగ్గరి త్రోవ తేలును. ప్రతి చీమయు తన ముందున్న గురుతును మాత్రమే చూచి, తనకు తెలిసిన యొక్క నియమమునే పాటించును.

మన యూళ్లలోని బదులు పద్ధతియు నిట్టిదే. నేడు నీ నాటునకు నేను, రేపు నా నాటునకు నీవు. ఇందుకు దస్తావేజు లేదు, మేస్త్రీ లేడు. ఎవరి నారు ముదిరినదో, ఎవరి మడి దమ్మైనదో ఊరందరికిని కనబడుచునే యుండును గనుక, మొదట నెవరి పొలమున దిగవలెనో తగవు లేక తేలిపోవును. నారు ముదురుట గురుతు. బదులు తీర్చుట నియమము.

2. చెరువులు నేర్పిన పాఠము

మన ప్రాంతమున కాకతీయుల కాలమునుండి గొలుసుకట్టు చెరువు లున్నవి. మహబూబాబాదు జిల్లా బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలమాంబ చెరువు త్రవ్వించినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది. భూపాలపల్లి జిల్లా గణపురము చెరువును కాకతీయుల నాటిదే. ఈ పెద్ద చెరువుల సంగతి యటుండ, ఊరూర నున్న చిన్న కుంటల గొలుసును చూడుడు. ఎగువ చెరువు నిండగానే మత్తడి దుమికి, ఆ నీరు వాగు పట్టి దిగువ చెరువునకు చేరును. అదియు నిండిన దాని మత్తడి దుముకును. ఎగువ యూరివా రెంత నిలుపుకొనవలెను, దిగువ యూరివారి కెంత విడువవలెను అను నాజ్ఞ నిచ్చువా డచ్చట లేడు. ఆ తీర్పును మత్తడి రాతి యెత్తే చెప్పుచున్నది. నియమము రాతిలో నున్నది. గురుతు నీటి మట్టమే.

నీరు తక్కువైన యేట మన పెద్దలు తైబందీ చేసికొనెడివారు. ఉన్న నీటి కెంత భూమి తడియునో లెక్కించి, ఆయకట్టుదారు లందరికిని వారి వారి పాలునుబట్టి యాసంగి సాగు నిర్ణయించెడివారు. పెద్దకమతము వానికిని కోత పడును, చిన్నకమతము వానికిని పడును. నీరటికాడు తూము తెరచి యే మడికి నీరు పారినదో, ఏది మిగిలినదో చూచి మళ్లించెడివాడు. అతడు అధికారి కాడు. ఊరందరు నొప్పుకొన్న నియమమును కాచువాడు.

మత్తడిపై ఇసుక బస్తాలు వేసి యెత్తు పెంచుకొన్న ఊరి సంగతి యేమగును? ఆ యేడు రెండెకరములు మిగులవచ్చును. కాని దిగువ చెరువు ఎండును. గొప్ప వాన వచ్చినప్పుడు కట్టయే తెగును. నియమము నొక్కడు తప్పిన గొలుసంతయు తప్పును. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయు పని మొదలైనది. పూడిక తీయుట యంత్రమునకు చేతనైన పని. మత్తడి మర్యాదను, తైబందీ లెక్కను నిలుపుట మాత్రము మన చేతి పనియే.

3. ఏనబావి మంటలు

జనగామ జిల్లా లింగాలఘణపురము మండలమున ఏనబావి యను చిన్న గ్రామము కలదు. ఇంచుమించు ఏబది కుటుంబముల ఊరు. ఆ యూరివారు 2006లో తమ గ్రామమున రసాయనపు మందులు, ఎరువులు వాడమని ప్రకటించిరి. దానిని పలువురు మెచ్చుకొన్నారు. అయితే ఆ మార్పు ఎర్రగొంగళి పురుగుతో మొదలైనదని కొలదిమందికే తెలియును.

ఆముదపు చేలను తిను నీ పురుగు కోశములు నేలలో దాగియుండును. తొలి వర్షములు పడగానే రెక్కల పురుగులు బయటపడి ఎగిరి గ్రుడ్లు పెట్టును. గొంగళి రూపున చేనిలో దిగిన పిదప మందు కొట్టుట ఖర్చు మాత్రమే. కాన తొలి వాన పడిన రాత్రులలో చేల గట్లపై మంటలు వేసిన, రెక్కల పురుగులు వెలుతురునకు వచ్చి మడియును. ఇందొక చిక్కు కలదు. ఒక్కడు మంట వేసిన ప్రయోజనము లేదు. ప్రక్క చేలలోని పురుగులు గ్రుడ్లు పెట్టుచునే యుండును. ఊరంతయు నదే రాత్రులలో వేయవలెను.

దీనికి గురుతు తొలి వాన. అది అందరిపైనను పడును. నియమ మొక్కటే: వాన పడిన రాత్రి నీ గట్టుపై మంట వేయుము. ఎవరు వేసిరో, ఎవరు వేయలేదో చీకటిలో దూరమునుండియే కనబడును. ఎవనినైనను ప్రత్యేకముగ పరిశీలించు పనియే లేదు. ఇట్లు ఒక పురుగు విషయమున కలిసి పనిచేసి ఫలము చూచినవారు కాన, తరువాతి మార్పులకు వారికి ధైర్యము కలిగినది. స్థానిక సేవాసంస్థ వారికి తోడ్పడిన మాట నిజమే. కాని గట్టు గట్టున మంట వేసినది రైతులే.

4. చేతినుండి చేతికి

ఇక కల్లపు పనికి వత్తము. అమెరికా దేశమున బార్తోల్ది, ఐసెన్‌స్టైన్ అను నిద్దరు పండితులు 1996లో నొక పద్ధతిని గణితముతో నిరూపించిరి. అది మిక్కిలి సులభమైనది. సంచి నింపుట, తూచుట, కుట్టుట, పేర్చుట అను నాలుగు పనులకు ముగ్గురు మనుష్యు లున్నారనుకొందము. మనము సాధారణముగ నొక్కొకనికి నొక్కొక పని పంచెదము. అట్లు చేసిన, చేతివేగము తక్కువైనవాని వద్ద సంచులు ప్రోగుపడును. వేగము గలవాడు కూర్చుండును.

ఆ పండితులు చెప్పిన దిది. పనిని పంచవద్దు. ప్రతివాడును తన సంచిని పట్టుకొని నింపుట మొదలు ముందుకు సాగుచునే యుండవలెను. చివరివాడు తన సంచిని పేర్చగానే వెనుకకు నడచి, తన వెనుకవాని సంచిని యే దశలో నున్న నా దశలోనే అందుకొనవలెను. ఆ వెనుకవాడు తన వెనుకవాని సంచిని అందుకొనును. మొదటివాడు క్రొత్త సంచి నెత్తుకొనును. ముందువానిని దాటిపోరాదు, అతడు త్రాసు వద్ద నున్నచో ఆగవలెను. మనుష్యులను నిలుపునప్పుడు మాత్ర మొక జాగ్రత్త: మందగతివాడు మొదటను, వేగముగలవాడు చివరను నుండవలెను. ఇంతే. కొంతసేపటికి సంచి చేతులు మారు చోట్లు వాటంతట నవే స్థిరపడును. ఎవని శక్తికి తగిన పని వాని పాలబడును. మధ్యలో నొకడు నీరు త్రాగుటకు పోయినను పని యాగదు. చోట్లు కొంచెము జరుగును, అంతియే. పెద్ద గిడ్డంగులలో నీ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. విత్తనములు మోయు కొన్ని చీమజాతులును దారిలో నిట్లే చిన్న చీమనుండి పెద్ద చీమకు గింజ నందించుకొనునని తరువాత శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

5. చీటి మహిమ

జపాను దేశమున టొయోటా కార్ఖానాలో తాయిచి ఓనో అను నాయన వేరొక ఉపాయము తెచ్చెను. అమెరికా సరకుల దుకాణములలో బీరువానుండి వస్తువు పోయినప్పుడే దాని చోట క్రొత్తది పెట్టుదురని గ్రహించి, కార్ఖానాలోను నట్లే చేయించెను. ప్రతి పెట్టెకు నొక చీటి. ముందు పనివాడు పెట్టె వాడుకొనగానే చీటి వెనుక పనివానికి తిరిగిపోవును. చీటి వచ్చినప్పుడే వాడు మరియొక పెట్టె సిద్ధము చేయవలెను. చీటి రానిది చేయరాదు. దీనిచే అక్కరలేని సరకు ప్రోగుపడుటయు, కావలసినది లేకపోవుటయు రెండును తగ్గినవి. ఆ చీటికి జపాను భాషలో కాన్‌బాన్ అని పేరు. కేంద్రకార్యాలయమునుండి గంటగంటకు నాజ్ఞలు రానక్కరలేదు, చీటియే ఆజ్ఞ.

6. క్రమము చెడు విధము

తనంతట కుదురు ప్రతి క్రమమును మంచిదే యని భ్రమపడరాదు. గుడ్డిచీమలు కొన్ని దారి తప్పి, ముందుదాని వాసననే పట్టుకొని గుండ్రముగ తిరిగి తిరిగి చచ్చుట కలదు. నియమమును తప్పలేదు; గురుతే తప్పు.

మనము మిర్చి వేయు తీరును నట్లే యున్నది. నిరుటి ధర హెచ్చుగ నున్నదని మహబూబాబాదు రైతును, భూపాలపల్లి రైతును, ఖమ్మము రైతును ఒక్కసారియే మిర్చి పెంచుదురు. పంట వచ్చునప్పటికి అందరి సరకు నొకే వారమున యార్డునకు చేరును. 2017 ఏప్రిల్‌లో ఖమ్మము మార్కెటులో ధర పడిపోయి రైతు లెట్లు కడుపుమండి తిరుగబడిరో తెలిసినదే. నిరుటి ధర అందరికిని కనబడు గురుతే. కాని ఈ యే డెంతమంది వేయుచున్నారో ఆ గురుతు చెప్పదు.

బోరుబావుల కథ యింకను కఠినము. జనగామ ప్రాంతపు రాతినేలలో నొకడు లోతుగ త్రవ్విన, ప్రక్కవా డంతకన్న లోతుగ త్రవ్వును. భూగర్భమున నీరెంత యున్నదో ఎవ్వరికిని కనబడదు. కనబడునది ప్రక్కవాని బోరు మాత్రమే. అప్పు చేసి త్రవ్విన బోరున దుమ్ము లేచినప్పుడు ఆ యింటివారి దుఃఖము వర్ణింపరానిది.

దీనికి మందు మన పొరుగున నల్లగొండ, మహబూబునగరముతో పాటు రాయలసీమ, ప్రకాశము ప్రాంతములలో 2003 మొదలు కొన్ని సంవత్సరములు పరీక్షింపబడినది. రైతులే వాన కొలిచిరి, రైతులే బావుల మట్టములు కొలిచిరి. ఆ యంకెలను ఊరి గోడపై వ్రాసిరి. యాసంగికి ముందు కూర్చుండి, ఉన్న నీ రింత, వేయదలచిన పంటలకు కావలసిన దింత యని లెక్కచూచుకొనిరి. ఏ పంట వేయవలె ననునది మాత్రము ఎవని ఇష్టము వానిదే, నిర్బంధము లేదు. అయినను పలువురు వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసికొనిరి. దాగియున్న గురుతును గోడపైకి తెచ్చుటయే అచ్చట జరిగిన మార్పు.

7. మన కల్లమున చేయదగినది

పై పాఠముల నన్నిటిని కూర్చి, వచ్చు యాసంగికి మన సంఘములు చేయదగిన యైదు పనులు సూచించుచున్నాము.

మొదటిది, గోడపలక. కల్లము నడుమ నొక నల్లపలక పెట్టి, ప్రతి రాశి సంఖ్యను, రైతు పేరును, ఆ యుదయము కొలిచిన తేమను, కావలసిన సంచులను వ్రాయవలెను. ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లు మించరాదను నియమము మనకు తెలిసినదే. వరుస, వచ్చిన తేదీనిబట్టి గాక, 17నకు దిగిన క్షణమునుబట్టి సాగవలెను. ఇద్దరి దొక్కసారియే దిగిన, ముందు వచ్చినవాడే ముందు. కొలతను రైతు కన్నులయెదుట కొలువవలెను.

రెండవది, సంచి చీటి. ఒక చిన్న లెక్క చూడుడు. నాలుగెకరముల రైతునకు ఎకరమునకు 20 క్వింటాళ్ల చొప్పున 80 క్వింటాళ్లు. 40 కిలోల బస్తా లెక్కన 200 సంచులు. అట్టివారు పదిమంది, కేంద్రమున నున్నవి 800 సంచులు. ముందు వచ్చిన నలుగురికి పంచిన సంచు లైపోవును. ఆ నలుగురిలో నొక్కని ధాన్యమే యెండియున్నచో 600 సంచులు పచ్చి రాశుల ప్రక్క నిద్రపోవును. వెనుకనున్న ఆరుగురిలో ముగ్గురి ధాన్య మెండియున్నను వారి కొక సంచియు లేదు. పలకను చూచి, ఎండిన నలుగురికే చీటి యిచ్చిన, అవే 800 సంచులు ఆ దినమే నిండును. సంచులు పెరుగలేదు, నిద్రపోవుట మానినవి.

మూడవది, హమాలీల వరుస. పైన చెప్పిన చేతినుండి చేతికి పద్ధతిని ఒక దినము పరీక్షించి, సాయంకాలమునకు బస్తాల లెక్క చూచుకొనుడు. కూలి బస్తాకింత యని అందరికిని సమముగ పంచుకొను ముఠాలలో నిది సులభముగ నిలుచును. వారి నడిగి, వా రొప్పుకొన్న పిదపనే మొదలుపెట్టవలెను.

నాలుగవది, మిల్లు వార్త. మిల్లు వద్ద దిగవలసిన లారీ లెన్నియో తెలియక ఇచ్చట తూకము వేయుట, కుట్టిన బస్తాలను వానపాలు చేయుటయే. ఒక లారీ దిగగానే మిల్లునుండి ఫోనున వార్త రావలెను. ఆ వార్తయే మన చీటి. అది వచ్చినకొలది తరువాతి లారీకి సరిపడు తూకము మొదలుపెట్టవలెను. రాశిగా నున్న ధాన్యమును కప్పుట సులభము. నాలుగు మూలల పేర్చిన బస్తాలను కప్పుట కష్టము.

ఐదవది, టార్పాలిను నియమము. మబ్బు క్రమ్మినప్పుడు కల్లమున నందరు నుండరు. ఒకడు భోజనమునకు పోవును, ఒకతె పిల్లవాని కొరకు ఇంటికి పోవును. కావున నీ నియమము: చినుకు పడగానే ఉన్నవారు తమ రాశిని కప్పి, వెంటనే తమ కుడిప్రక్క రాశిని చూడవలెను. అది కప్పబడకున్న కప్పి, దాని కుడిప్రక్కకు పోవలెను. వరుసలో చివరి రాశికి కుడిప్రక్క, మొదటి రాశియే యని లెక్క. ఎవనికిని ఎవడును చెప్పనక్కరలేదు. పది నిమిషములలో కల్లమంతయు కప్పబడును.

8. అట్లయిన సంఘమెందులకు?

అన్నియు తమంతట కుదురునట్లయిన సంఘముతో పనియేమి యని యెవరైన నడుగవచ్చును. మత్తడి రాతిని మొదట నొకరు పెట్టవలెను గదా! నియమమును పదిమంది కూర్చుండి చేయుట, పలకపై యంకె నిజమో కాదో చూచుట, నియమము తప్పినవానిని పెద్దచిన్నల భేదము లేక మందలించుట, నియమమే తప్పైనప్పుడు మార్చుట, ఇవి సంఘము పనులు. మన పొరుగున ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున వెలసిన సహకార సంఘము నేటికిని నిలిచియున్నది. 2000లో అచ్చటి స్త్రీలు తమ పాల సంఘమును నడుప మొదలిడిరి. ఒక్క మనుష్యుని చూపు మీద నడచు సంఘము ఆ మనుష్యునితో పోవును. సభ్యు లందరు నెరిగిన నియమముపై నడచునది తరువాతి తరమునకు అందును.

ఎంత చేసినను ఆకాశము మన చేతిలో లేదు. అకాలవర్షము మరల రావచ్చును. అయితే ఎండిన ధాన్యము సంచి లేక తడియుటకు ఆకాశమును నిందించి ప్రయోజనము లేదు. అది మన చేతిలోని పని.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. గత యాసంగిలో మన కల్లమున ఎండిన ధాన్యము ఎన్ని దినములు సంచుల కొరకు నిలిచెను? అదే సమయమున ఖాళీ సంచు లెచ్చట నుండెను?

2. మన యూరి చెరువు మత్తడి యెత్తును ఎవరైన మార్చిరా? దిగువ యూరివారితో కడపట మాటాడినది ఎప్పుడు?

3. మన యూరి బావుల మట్టమును గోడపై వ్రాయుటకు ఏ యిద్దరు సభ్యులు పూనుకొందురు?

4. మిర్చియో పత్తియో ఈ యే డెవరెంత వేయదలచిరో, విత్తునకు ముందే పలకపై వ్రాసికొనుట కేమి యడ్డము?

5. టార్పాలిను నియమమును ఒక యెండదినమున నొకసారి అభ్యాసము చేసి చూతమా? ఎన్ని నిమిషములు పట్టెనో వ్రాసి యుంచుడు.